ట్రాలీ దిగని మనిషి

మొన్నామధ్య ఒక ఆదివారం పొద్దున, పట్టాలు పీకేసిన రైలుదారి మీద నడవడానికి మన తెలుగు సంఘంవాళ్ళు నన్నుకూడా పిలిచారు. ఒకప్పుడు జొహోర్ నుంచి సింగపూరులోకి రైలు వచ్చే దారి అది. ఇప్పుడక్కడ గడ్డి, కంకర, సైకిళ్ళు. వన్-నార్త్‌లోనూ సైన్స్ పార్కులోనూ పనిచేసే తెలుగు పిల్లలు నలభైమంది దాకా వచ్చారు, అందరూ ఒకే రంగు బనీన్లు తొడుక్కుని. కార్యదర్శి కిరణ్ నన్ను ముందుకు పిలిచి, "అంకుల్ మనందరికన్నా సీనియర్ సెట్లర్. మనం రాకముందు నుంచీ ఇక్కడే ఉన్నారు" అని పరిచయం చేశాడు. మనం రాకముందు! వీళ్ళ విమానం దిగేదాకా ఈ దీవిలో తెలుగు మాటే వినబడనట్టు. మా తాత ఓడ దిగేనాటికి వీళ్ళ తాతలు పుట్టారో లేదో. ఒళ్ళు మండింది. మండినప్పుడు నోరు మూసుకోవడం మంచిదని డెబ్బై దాటినా నేర్చుకోలేదు. పాత ఇనప వంతెన దగ్గర నిలబడి మా ఇంటి గొప్ప చెప్పడం మొదలుపెట్టాను.

చెప్పింది మా మోటారు ట్రాలీ ప్రయాణం కథ. అరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, దినాల్లో కూడా చెప్పిన కథ. ఏ మాట దగ్గర ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో నాకు కొట్టినపిండి. "ట్రాలీ నడిపే అప్పన్న అని ఒకడుండేవాడు. మైలుకోసారి బండి ఆపి, దిగి, పట్టా మీద చెవి పెట్టి పడుకునేవాడు. ఇంజను వస్తోందేమో వింటున్నానని చెప్పేవాడు. అసలు సంగతి, వాడికి కల్లు మత్తుకి దిండు కావాలి. ఆ మత్తులోనే చివరికి మా నాన్నగారితో సహా ట్రాలీని తీసుకెళ్ళి కాలవలో కుమ్మరించాడు." ఇక్కడ నేను ఒక కాలు ఈడ్చి నడిచి చూపిస్తాను, ఆ తరవాత అప్పన్న ఎలా నడిచేవాడో. ఎప్పుడూ నవ్వుతారు. ఆ రోజూ నవ్వారు. ఒకడు ఫోనులో తీసుకున్నాడు కూడా.

అందరూ కాఫీకని కదిలాక ఒకమ్మాయి ఆగిపోయింది. ముప్పై దాటినట్టుంది. పేరు మాలిని అని, వన్-నార్త్‌లో ఒక పరిశోధనశాలలో పని అని, మలేసియాలో పుట్టి పెరిగానని చెప్పింది.

"అంకుల్, ఆ ఎస్టేటు జొహోర్‌లోనా? జెట్టీ నుంచి కొండదాకా చిన్న రైలు ఉండేది, అదేనా?"

"అదేనమ్మా. నీకెలా తెలుసు?"

"ఆ అప్పన్న మా తాత."

నేను ఏదో అన్నాను. అయ్యో అనో, అలాగా అనో.

"మా అమ్మని చిన్నప్పుడు స్కూల్లో 'కల్లు ట్రాలీ కూతురు' అనేవాళ్ళట. తాత అసలు తాగేవాడు కాదు అని అమ్మ అంటుంది. నేను నమ్మలేదు అంకుల్. కూతురు కదా, అలాగే చెప్తుందిలే అనుకున్నా. మీరు అక్కడే ఉన్నారు కదా. నిజంగా తాగాడా?"

ఆ పిల్ల కోపంగా అడిగి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. కోపానికి కోపంతో జవాబివ్వడం మా వంశంలో పుట్టినవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆమె మామూలుగా అడిగింది, బస్సు ఎన్నింటికి అని అడిగినట్టు. "మీ అమ్మగారు ఎక్కడుంటారు?" అన్నాను. సెంబవాంగ్‌లో తనతోనే ఉంటుందని చెప్పింది. వస్తానన్నాను. వారం రోజులు వెళ్ళలేదు. నేను కిటికీలు దభాల్న వేసే చప్పుడుకి పక్క ఫ్లాటులోని చైనా ముసలామె రెండుసార్లు బయటికి వచ్చి చూసింది.

మా తాత సింహాద్రి విశాఖపట్నం రేవులో ఓడెక్కి వచ్చాడు. మొదట కూలీల జట్టుకి పెద్ద, తరవాత ఊళ్ళ నుంచి కూలీల్ని కూర్చి తెచ్చే కంగాణి, ఆ తరవాత కాంట్రాక్టరు. రబ్బరు తోటలకీ, సెంబవాంగ్‌లో బ్రిటిషు నౌకాదళం పనులకీ మనుషుల్ని పంపేవాడు. సెంబవాంగ్‌లోనే మాకు పెద్ద పెంకుటిల్లు ఉండేది. గేటు నుంచి వసారా దాకా ఎర్ర కంకర బాట, దాని మీద కారు చక్రాల చప్పుడు వినబడితే వంటింట్లో మాటలు ఆగిపోయేవి. ఇప్పుడక్కడ ఫ్లాట్లు. తాత మనుషుల్ని పంపిన జొహోర్ తోటని ముక్కలు చేసి అమ్మారు, నౌకాదళం వెళ్ళిపోయింది, పెద్దవాళ్ళు ఒకరినొకరు కోర్టుకి లాగారు. క్వీన్స్‌టౌన్‌లో మూడు గదుల ఫ్లాటులో ఉన్నా నేను ఎవరిముందూ తల వంచలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. ఇస్త్రీ లేని చొక్కాతో మార్కెట్టుకి కూడా వెళ్ళను. మా నాన్న నడుము నిటారుగా పెట్టుకుని కూర్చునేవాడు, నేనూ అలాగే కూర్చుంటాను. ఇన్నాళ్ళూ అది వంశం ఇచ్చిన గౌరవమనుకున్నాను.

ఏడాదికోసారి ఉగాది వెళ్ళాక, తోట దొర మాకు మోటారు ట్రాలీని ఒకరోజు ఇచ్చేవాడు. సముద్రపు పాయ ఒడ్డున జెట్టీ నుంచి లోపల కొండదాకా తోటకి సొంత చిన్న రైలుమార్గం ఉండేది, రబ్బరు పాలు దింపడానికి. దాని మీద దొరలు తనిఖీకి తిరిగే బండి ఆ ట్రాలీ. పైకప్పు లేదు. నాలుగు ఇనప చక్రాలు, ఒక పెట్రోలు ఇంజను, ముందొక బల్ల, వెనకొక బల్ల. పదిమంది పట్టేవాళ్ళం. నాన్న, అమ్మ, నాయనమ్మ, బాబాయిలు, మేము పిల్లలం. ముందురోజు నుంచే ఇల్లంతా ఇంగువ వాసన. నాయనమ్మ చేతి పులిహోర అరిటాకుల్లో పొట్లాలు కట్టి, పైన తడిగుడ్డ కప్పేవారు. పిండివంటల డబ్బాలు, మంచినీళ్ళ కూజా, చాపలు, అమ్మకి విసనకర్ర. తెల్లారకముందే రెండు కార్లలో, సముద్రం మీదుగా జొహోర్ వెళ్ళే కాజ్‌వే దాటేవాళ్ళం. దాటగానే నాయనమ్మ ముక్కు ఎగబీల్చి, "రబ్బరు కంపు వొచ్చీసింది. ఇంక మన ఊరే" అనేది. ఎండబెట్టిన రబ్బరు షీట్ల వాసన అది. పుల్లగా, పొగగా ఉంటుంది. ఇప్పటికీ ఏ మూలనైనా అలాంటి వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది.

జెట్టీ దగ్గర అప్పన్న, ఇంకో ముగ్గురు మనుషులు బండి తుడిచి నిలబెట్టి ఉంచేవాళ్ళు. అప్పన్న ఆ నలుగురికీ పెద్ద. సన్నని మనిషి, మోకాళ్ళ దాకా ఖాకీ నిక్కరు, మెడలో ఎర్రగుడ్డ. ఆ ఎర్రగుడ్డే జెండా. ఇంజను తిప్పగానే బల్ల కిందనుంచి వణుకు పుట్టి పళ్ళదాకా పాకేది, పిల్లలం ఆఆ అని గొంతెత్తి ఆ వణుకుని పాటలా పాడేవాళ్ళం. మొదట మడ అడవి. బురదలోంచి పైకి లేచిన వేళ్ళు, వాటి మధ్య పీతలు, ఉప్పు కుళ్ళిన వాసన. అది దాటితే నల్లటి తడినేల మీద అనాస తోటలు, ఎంత దూరం చూసినా ముళ్ళాకుల బూడిద రంగు. ఆ తరవాత రబ్బరు చెట్లు మొదలయ్యేవి. అక్కడ ఎండ ఆగిపోయేది. వరసలు వరసలుగా చెట్లు, ప్రతి చెట్టుకీ ఒక చిప్ప, బండి సాగుతుంటే వరసలు విసనకర్ర పుల్లల్లా విచ్చుకుని మూసుకునేవి. పాలకోసం బెరడు మీద గీత గీసే ఆడవాళ్ళు పని ఆపి నిలబడి చూసేవాళ్ళు. మేము చేతులూపితే కొందరు తిరిగి ఊపేవాళ్ళు, కొందరు ఊపేవాళ్ళు కారు. ఊపనివాళ్ళు మర్యాద తెలియనివాళ్ళని అమ్మ అనేది. వాళ్ళని ఓడెక్కించింది మా తాతే అని నాకప్పుడు తట్టలేదు. ఆపైన గోధుమరంగు ఏరు, దాని మీద కర్రల వంతెన, ఏరు దాటాక లోయ అంచున ఎక్కుతూ ఎక్కుతూ పోతే కొండ మొదట్లో జలపాతం. అక్కడ భోజనం.

ఆ దారికి ఒకటే లైను. కొండమీద నుంచి పాల ట్యాంకులు లాక్కుంటూ చిన్న ఇంజను రోజుకి రెండుమూడుసార్లు దిగుతుంది, ఎప్పుడన్నది ట్యాంకులు నిండడాన్ని బట్టి. టెలిఫోను లేదు, సిగ్నలు లేదు. అందుకే అప్పన్న మైలుకోసారి బండి ఆపి పట్టా మీద చెవి పెట్టేవాడు. ఇనుములోంచి చప్పుడు గాలికన్నా ముందు వస్తుంది. వినబడగానే లేచి ఎర్రగుడ్డ ఊపి "దిగండోయ్" అనేవాడు. అందరం దిగి దూరంగా నిలబడాలి. నలుగురూ నాలుగు మూలలా పిడులు పట్టి, ఒక్క కేకతో బండిని పట్టాల మీద నుంచి ఎత్తి పక్కకి దించేవాళ్ళు. ఇంజను వెళ్ళాక మళ్ళీ ఎత్తి పెట్టేవాళ్ళు. ఖాళీ బండే వాళ్ళ మెడనరాలు తేల్చేది. ఆ చెవి పెట్టడం వల్లే మేమంతా బతికి ఇళ్ళకి చేరేవాళ్ళం. దాన్ని నేను కల్లు నిద్ర అని చెప్పి నలభైమందిని నవ్వించాను.

ఇక పీట సంగతి చెప్పాలి. మా ఇంటి పెద్ద ఏ బండి దిగినా కాలు నేరుగా నేలకి ఆనకూడదు. ముందు పీట వేయాలి, దాని మీద ఉతికిన గుడ్డ పరవాలి, అప్పుడు దిగాలి. తాత పెట్టిన ఆచారం ఇది. ఎక్కడో మన దేశంలో ఒక జమీందారు అలా దిగడం చూశాడట. ఆ పీట మోయడం ఇంటి పెద్దకొడుకు హక్కు. తాతకి నాన్న మోశాడు, నాన్నకి నేను మోశాను. పనసచెక్క పీట, నాలుగు మూలలా ఇత్తడి పువ్వులు. దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఆ ఏడు బాబాయి పిల్లలు వెనక బల్ల మీద చింతగింజలు ఆడుతున్నారు. ఒళ్ళో పీటతో ఆడడం కుదరదు. నేను పీటని బల్లకింద పెట్టాను. దాని మీద ఎవరో పిండివంటల డబ్బాలు పెట్టారు, వాటి మీద కూజా పెట్టారు. నేను చూశాను. చూసి ఆటలో పడ్డాను.

వంతెన మీద నాన్న ఫోటోలకని బండి ఆపించాడు. చాలాసేపు ఆగాం. అప్పన్న రెండుసార్లు పట్టా మీద చెవి పెట్టాడు. మూడోసారి లేచి వచ్చి, "బాబూ, ఇంకెల్లిపోదాం. ఏరు దాటీసి బండి పక్కకి దించీయాల" అన్నాడు. "అంత కంగారేమిట్రా?" అన్నాడు నాన్న. వంతెన దాటి కొంచెం ముందుకి, లోయ వంపు దగ్గరికి వచ్చేసరికి అప్పన్న బండి ఆపాడు. ఈసారి చెవి పెట్టలేదు. మాకే వినబడుతోంది.

"దిగండోయ్! బేగి, బేగి!"

ఆడవాళ్ళు పిల్లల్ని లాక్కుని దిగారు. నేనూ దిగాను. నాన్న కదల్లేదు. నిటారుగా ముందు బల్ల మధ్యలో కూర్చుని, తల తిప్పకుండా, "పీట ఏదిరా?" అన్నాడు.

నేను బండి వెనక్కి పరిగెత్తాను. కూజా తీశాను. డబ్బాలు జారాయి. పీట రాలేదు, బల్ల కాళ్ళ మధ్య ఇరుక్కుపోయింది.

"బాబూ, దిగీండి బాబూ. ఇంజిను వొంపు తిరిగీసింది."

"పీట రానీ."

"మీ కాళ్ళట్టుకుంటాను బాబూ, నా ఈపు మీద కాలెట్టి దిగీండి." అప్పన్న నిజంగానే వంగాడు, రాళ్ళ మీద చేతులు ఆనించి.

నాన్న ఆ వీపు వంక చూసి, "చెమట" అన్నాడు. ఇన్నేళ్ళ తరవాత కూడా ఆ ఒక్క మాట నా చెవిలో అలాగే ఉంది. మనిషి ప్రాణం మీదికి వస్తుంటే, ఇంకో మనిషి తన వీపుని మెట్టుగా పరిస్తే, మా నాన్నకి కనబడింది చెమట.

అప్పన్న లేచాడు. ఇంజను కూత పెట్టింది. నలుగురూ మూలలు పట్టారు. నాన్న కూర్చునే ఉన్నాడు. వాళ్ళు ట్రాలీని నాన్నతో సహా ఎత్తారు. పల్లకీ ఎత్తినట్టు ఎత్తారు. రెండడుగులు వేశారు. కంకర జారి అప్పన్న వైపు మూల కుంగింది. నాన్న పక్కనున్న కాలవలోకి, తెల్లటి బట్టలతో, వెల్లకిలా పడ్డాడు. చక్రం అప్పన్న ఎడమ పాదం మీద దిగింది. ఇంజను మా ముందునుంచి దడదడలాడుతూ పోయింది, డ్రైవరు నోరు తెరుచుకుని చూస్తూ.

ఆ రోజు పదకొండు గంటలకి, తోట ఆఫీసు వసారాలో పెద్దదొర కింద పనిచేసే చిన్నదొర విచారణ చేశాడు. నాన్న దొరగారిచ్చిన పొడిబట్టలు కట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. అప్పన్న ఆసుపత్రి గదిలో ఉన్నాడు, కేకలు వినబడుతున్నాయి. "వాడు తాగి ఉన్నాడు" అన్నాడు నాన్న. ఆ తోటలో కల్లు దుకాణం మధ్యాహ్నం మూడైతేగాని తెరవరు, అది దొరకీ తెలుసు. దొర కాసేపు బల్ల మీద వేలితో కొట్టి, ఇంగ్లీషు బడి పిల్లవాణ్ణి కదా అని, నన్ను ఇంగ్లీషులో అడిగాడు. నీకు కల్లు వాసన వచ్చిందా? నిజం చెబితే పీట సంగతి బయటికొస్తుంది. పీటని బల్లకింద పడేసి చింతగింజలు ఆడింది ఎవరో బయటికొస్తుంది. నాన్న నా వైపు చూడలేదు, చూడాల్సిన అవసరం లేదు. వచ్చింది సార్, అన్నాను. అప్పన్నని ట్రాలీ నుంచి తీసేసి, పాదం మానాక గడ్డి కోసే జట్టులో వేశారు. ఆడవాళ్ళ జట్టు అది, కూలి తక్కువ.

ఇంటికొచ్చాక నాన్న తన పరువు పోయిందని కేకలేస్తుంటే నాయనమ్మ పక్కగదిలోంచి వచ్చింది. "ఏటి పరువు? మీ అయ్య కుడి బుజం మీద కాయ నువ్వెప్పుడూ సూడనేదేటి? పదేళ్ళు పల్లకీ బొంగు మోసిన బుజం అది. దిగమంటే దిగడానికి నీకేటి రోగం?" అంది. నాన్న తలుపు వేసుకున్నాడు. ఆ మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నాయనమ్మ కూడా ఎత్తలేదు. మోసినవాడి కొడుకు ఎక్కి కూర్చున్నాడు, మనవడు అబద్ధం చెప్పాడు, మా వంశచరిత్ర ఇంతే. నెలలోపే ఆ అబద్ధం హాస్యకథ అయింది. మొదట బాబాయి చెప్పాడు, తరవాత నేను అందుకున్నాను. అప్పన్న రామనవమి భజనకి వస్తే కుర్రాళ్ళు నేల మీద చెవులు పెట్టి గురక తీసేవాళ్ళట. రావడం మానేశాడు. ఇది నాకు మొన్న మాలిని చెబితే తెలిసింది.

ఇప్పటి పిల్లల్ని చూస్తే నాకు విసుగని అందరికీ తెలుసు. నిజమే, విసుగే. పెద్దవాడొస్తే కుర్చీలోంచి లేవరు, ఫోనులోంచి తల ఎత్తరు. కానీ ఆ నడకలో కంకర మీద ఒక బంగ్లాదేశీ కూలీ తోపుడుబండి ఇరుక్కుంటే ఇద్దరు పిల్లలు వెళ్ళి చెయ్యి వేశారు, బనీన్లకి మట్టి అంటించుకుని తిరిగొచ్చి మాటలు ఎక్కడ ఆపారో అక్కణ్ణించి అందుకున్నారు. నా చొక్కా ఇస్త్రీ నలగలేదు. అది చూసి నాకు సంతోషం కలగలేదు. కోపమొచ్చింది. ఇంత తేలికైన పనా అది? ఇంత తేలికైతే మా నాన్న ఎందుకు చెయ్యలేకపోయాడు?

వారం తరవాత సెంబవాంగ్ వెళ్ళాను. మాలిని తలుపు తీసింది. వాళ్ళమ్మ సత్యమ్మ సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని టీవీ చూస్తోంది. నాకన్నా నాలుగైదేళ్ళు చిన్న. లేవలేదు. నేను నిలబడే, ఇక్కడ రాసిందంతా చెప్పాను. పీట, చింతగింజలు, చెమట, దొర ప్రశ్న, నా జవాబు. సత్యమ్మ టీవీ చప్పుడు తగ్గించింది గాని ఆపలేదు.

"పడిపోయేక మా అయ్యేటన్నాడు?" అంది చివరికి. "ఇంటికాడ ఎప్పుడూ సెప్పనేదు."

"చక్రం కింద పాదం ఉండగానే, 'పిల్లలు ఎడంగా ఉన్నారా' అని అరిచాడు."

మాలిని, "అమ్మా, నువ్వు చెప్పిందే రైట్ లా. సారీ" అంది మలేసియా యాసలో.

"నీ సారీ ఒగ్గీ." తరవాత నా వైపు తిరిగింది. "మా అయ్య తాగీవోడు కాడని నాకు తెల్దా? నువ్వొచ్చి సెప్పాలా? నవ్వించింది ఎవుల్ని నువ్వు? ఆలకి సెప్పు. నాకు సెప్పీసి బరువు దించీసుకుని ఎల్లిపోదామనొచ్చేవు."

మా కుటుంబంలో పెద్దవాళ్ళు తప్ప నన్ను ఎవరూ నువ్వు అనలేదు. ముఖం వేడెక్కింది. జవాబివ్వడానికి నోరు తెరిచాను. ఆమె టీవీ చప్పుడు పెంచింది. మాలిని లిఫ్టుదాకా వచ్చి బటను నొక్కింది.

సంఘం ప్రత్యేక సంచికకి నా చిన్ననాటి జ్ఞాపకాలు ఒక అధ్యాయం కావాలని కిరణ్ ఎప్పటినుంచో అడుగుతున్నాడు. ఇంతవరకు రాసి పంపాను. మర్నాడే ఫోను చేశాడు.

"అంకుల్, చాలా బాగుంది. ఆ రబ్బరు తోటలు, జలపాతం, సూపర్. కాని నాన్నగారి భాగం... కొంచెం హెవీ. యానివర్సరీ ఇష్యూ కదా. పేర్లు తీసేద్దామా? మీ ఫ్యామిలీ పరువు కూడా చూడాలి."

"అప్పన్న పేరు తీసేస్తావా?"

"అదే, ఎవరి పేరూ లేకుండా, ఫన్నీగా..."

ఫన్నీగా అరవై ఏళ్ళు చెప్పానురా నాయనా అన్నాను. ఒక్క మాట మార్చినా మొత్తం తిరిగి పంపమన్నాను. ఆలోచించి చెబుతానన్నాడు. ఆలోచించుకోనీ. అచ్చు వేసినా వెయ్యకపోయినా వచ్చే నెల వార్షికోత్సవంలో పాత సభ్యుణ్ణని నాకు పది నిమిషాలు ఇస్తారు. ఆ నలభైమందీ వస్తారు. కుర్చీ అక్కర్లేదు, నిలబడే ఇది చదువుతాను. పట్టా మీద చెవి పెట్టే చోట అలవాటు కొద్దీ ఎవరో ఒకరు నవ్వుతారు. ఆగుతాను. వాళ్ళ నవ్వు అయ్యేదాకా ఆగి, మళ్ళీ మొదటి వాక్యం నుంచి చదువుతాను.